పాత పెట్రోలు బండికి స్పార్కు ప్లగ్గుల నెన్నుకొనుట

మేము సంఘములను సందర్శించునప్పుడు రైతు సోదరులు విత్తనమును గూర్చియు, ఎరువును గూర్చియు అడుగుటతోపాటు, సంఘపు బండిని గూర్చియు అడుగుచున్నారు. పంటను సంతకు చేర్చుటకై కొనిన పాత పికప్పు బండి ఉదయమున కదలకున్నను, ఎత్తెక్కునప్పుడు దగ్గుచున్నను, పెట్రోలు అధికముగా త్రాగుచున్నను, అందఱి నోటను మొదట వచ్చు మాట “ప్లగ్గులు మార్చవలెను” అనునదియే. ఆ మాట కొన్ని వేళల నిజము. కొన్ని వేళల కాదు. మార్చవలసి వచ్చినప్పుడు సయితము ఏ ప్లగ్గు తగినదో తెలియక, దుకాణములో చేతికందినదానిని తెచ్చి బిగించువారు పెక్కుమంది. కొద్దిపాటి వెలగల వస్తువే గదా యని తలంతురు. కాని ఆ చిన్న వస్తువు తగనిదైనచో వేల రూపాయల యంత్రము చెడును. సంతకు పోవలసిన సరుకు దారిలోనే క్రుళ్ళును. ఇది మేము అనుభవమున నేర్చుకొనిన సంగతి. ఆ వృత్తాంతమును ముందు వ్రాసెదము.

1. మన బండికి ప్లగ్గు ఉన్నదా?

ఈ ప్రశ్న వింతగా తోచవచ్చును. అయినను దీనినే మొదట అడుగవలెను. స్పార్కు ప్లగ్గు పెట్రోలుతోగాని, గ్యాసుతోగాని నడచు యంత్రములకే యుండును. డీజిలు యంత్రములో గాలిని మిక్కిలి గట్టిగా నొక్కుటచేతనే అది కాగి, చమురు దానంతట అదే అంటుకొనును. అక్కడ నిప్పురవ్వతో పనిలేదు. డీజిలు బండ్లలో కొన్నిటికి గ్లో ప్లగ్గు అనునది యుండును గాని, అది చలివేళ యంత్రమును వెచ్చచేయుటకు మాత్రమే. మన పల్లెలలో తిరుగు పికప్పు బండ్లలో అధికభాగము డీజిలువే. 2005లో వచ్చిన టాటా ఏస్ బండి మొదట రెండు సిలిండర్ల డీజిలు యంత్రముతోనే వచ్చినది. పాత జీపు జాతి పెట్రోలు పికప్పులు, 1984 మొదలు 2019 వరకు తయారైన మారుతి వ్యాను, పెట్రోలు నుండి గ్యాసునకు మార్చిన బండ్లు, ఇటీవలి పెట్రోలు చిన్న ట్రక్కులు—ఈ పాఠము వీనికి చెందును.

2. ప్లగ్గు చేయు పని

సిలిండరులోనికి పెట్రోలు ఆవిరియు గాలియు కలిసి వచ్చును. పిస్టను వానిని పైకి నొక్కును. ఆ సమయమున ప్లగ్గు కొననున్న రెండు మొనల నడుమ నిప్పురవ్వ ఎగిరి, ఆ మిశ్రమము మండి, పిస్టనును క్రిందికి త్రోయును. ఆ త్రోపుడే బండిని నడపును. రవ్వ పుట్టుటకు పది వేల వోల్టులు మొదలుకొని ఇరువది, ఇరువదియైదు వేల వోల్టుల వరకు విద్యుత్తు కావలయును. సామాన్యముగా వాడుకలోనున్న నాలుగు ఘాతముల యంత్రము నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క ప్లగ్గు నిమిషమునకు 1,500 మారులు, అనగా సెకండునకు 25 మారులు రవ్వను పుట్టించును. గంటకు నలుబది కిలోమీటర్ల వేగమున 20,000 కిలోమీటర్లు నడచుటకు 500 గంటలు పట్టును. ఆ చుట్లు అట్లే యున్నవనుకొన్నచో, అంతలో ఒక్క ప్లగ్గే నాలుగున్నర కోట్ల రవ్వలను ఇచ్చినదన్నమాట. మొన అరిగిపోవుటలో వింత యేమున్నది?

ప్లగ్గులో ముఖ్యమైన భాగములు నాలుగు. పైన తీగ తగిలించు తల. నడుమ తెల్లని పింగాణీ ఒర. దాని చుట్టు మరలుగల ఉక్కు కవచము. క్రింద నడిమొన, దాని కెదురుగా వంచిన ప్రక్కమొన. నడిమొనకును ప్రక్కమొనకును నడుమనున్న సందులోనే రవ్వ ఎగురును. పింగాణీ యొర పగిలినచో విద్యుత్తు ప్రక్కదారిని కవచములోనికి పోయి, రవ్వ పుట్టదు. అందుచేతనే క్రింద పడిన ప్లగ్గును, అది క్రొత్తదైనను, బిగింపరాదు. కంటికి కనబడని బీట అందులో ఉండవచ్చును.

3. కొలతలు

ప్లగ్గు కొనునప్పుడు నాలుగు కొలతలు సరిపోవలెను.

మొదటిది మర లావు. పాత బండ్లలో అధికభాగమునకు ఇది 14 మిల్లీమీటర్లు.

రెండవది మర పొడవు. మోసము జరుగునది ఇక్కడనే. 14 మిల్లీమీటర్ల లావుగల ప్లగ్గులలోనే 9.5 మిల్లీమీటర్ల పొడవువి, 12.7 మిల్లీమీటర్లవి, 19 మిల్లీమీటర్లవి కలవు. మూడును ఒకే రంధ్రములో తిరుగును గనుక, “ఎక్కినది, సరిపోయినది” అని మెకానిక్కు అనును. పొడవు ఎక్కువైన ప్లగ్గు సిలిండరులోనికి చొచ్చుకొని పోవును. పిస్టనుగాని వాల్వుగాని దానికి తగిలి విఱుగవచ్చును. తగులకపోయినను బయటికి పొడుచుకొని వచ్చిన మరలు ఎఱ్ఱగా కాగి, మసి పట్టి, తీయునప్పుడు హెడ్డు మరలను చీల్చుకొని వచ్చును. పొడవు తక్కువైనచో రవ్వ గుంటలో దాగి పుట్టును. మంట సరిగా వ్యాపింపదు. హెడ్డులో మిగిలిపోయిన మరలలో మసి గట్టిపడి, తరువాత సరియైన ప్లగ్గు తెచ్చినను దిగదు. కావున క్రొత్త ప్లగ్గును పాతదాని ప్రక్కన నిలిపి, మర పొడవును కంటితో పోల్చి చూచినగాని బిగింపరాదు. పాతదే తప్పుడుది కావచ్చునన్న సంశయమున్నచో, బండితో వచ్చిన పుస్తకమే ప్రమాణము.

మూడవది కూర్చుండు తీరు. కొన్ని ప్లగ్గులకు వాషరు ఉండును. కొన్నిటికి వాషరు లేక, ఏటవాలుగా చెక్కిన అంచే హెడ్డులో కూర్చుండును. ఒకదానికి మారుగా మఱియొకటి పనికిరాదు.

నాలుగవది పానా కొలత. పాత ప్లగ్గులకు 20.8 మిల్లీమీటర్ల పానాయు, తరువాతివానికి 16 మిల్లీమీటర్ల పానాయు కావలయును. ఇది యంత్రమునకు హాని చేయదు గాని, గుంట యిఱుకైనచో పెద్ద పానా అందులో దిగదు.

4. వేడి అంకె

కొలతలన్నియు సరిపోయినను ఇంకొక విషయము మిగిలియున్నది. దీనినే “హీట్ రేంజి” అందురు. మేము దీనిని వేడి అంకె అని పిలిచెదము.

ప్లగ్గు కొన మండుచున్న సిలిండరులో నుండును. అది మిక్కిలి చల్లగా నున్నచో మసి కాలిపోక పేరుకొనును; సుమారు 450 డిగ్రీల సెంటిగ్రేడుకు పైబడినగాని తనంత తాను శుభ్రపడదు. మిక్కిలి వేడిగా, అనగా 850, 900 డిగ్రీలకు మించి కాగినచో, ఆ కొనయే నిప్పుకణికవలె నుండి, రవ్వ పుట్టకమునుపే మిశ్రమమును అంటించును. పిస్టను ఇంకను పైకి వచ్చుచుండగానే మంట దానిని క్రిందికి కొట్టును. ఇట్టి దెబ్బ కొద్ది నిమిషములు కొనసాగినను పిస్టను నెత్తి కరగి రంధ్రము పడును.

ఈ రెండు హద్దుల నడుమ ప్లగ్గును నిలుపునది దాని కట్టుబాటు. పింగాణీ ముక్కు పొడవుగా నున్న ప్లగ్గు వేడిని నెమ్మదిగా విడుచును. అది వేడి ప్లగ్గు. ముక్కు పొట్టిగా నున్నది వేడిని త్వరగా హెడ్డులోనికి పంపును. అది చల్లని ప్లగ్గు. ఏ యంత్రమునకు ఏది తగునో తయారుచేసినవారు పరీక్షించి నిర్ణయించియున్నారు. మనము దానిని మార్చుటకు బలమైన కారణము కావలయును.

ఇక అంకెల తికమక. ఎన్.జి.కె., డెన్సో కంపెనీల ప్లగ్గులలో అంకె పెరిగినకొలది ప్లగ్గు చల్లనిది. బాష్, ఛాంపియన్ కంపెనీలవానిలో అంకె పెరిగినకొలది ప్లగ్గు వేడిది. అంతేకాదు, ఎన్.జి.కె. వారి 6, బాష్ వారి 7, ఛాంపియన్ వారి 9, డెన్సో వారి 20 ఇంచుమించు ఒకే వేడివి. ఒక కంపెనీ అంకెను జ్ఞాపకముంచుకొని మఱియొక కంపెనీ ప్లగ్గును అదే అంకెతో అడిగినవాడు, తులమునకు బదులు వీశె నడిగినవానివలె మోసపోవును. కంపెనీ మార్చదలచినచో, దుకాణములోని పోలిక పట్టికను చూపుమని అడుగవలెను, ఊహించి తీసికొనరాదు.

ఒక సంకేతమును విడదీసి చూపెదము. ఎన్.జి.కె. ప్లగ్గు మీద “బి పి ఆర్ 6 ఇ ఎస్ – 11” అని యున్నదనుకొనుడు. బి అనగా 14 మిల్లీమీటర్ల మర, 20.8 పానా. పి అనగా పింగాణీ కొన ముందుకు పొడుచుకొని వచ్చినది. ఆర్ అనగా లోపల నిరోధకము కలది. ఇది రేడియోలో గరగర శబ్దమును, ఎలక్ట్రానిక్ పరికరములకు కలుగు కలతను తగ్గించును. 6 వేడి అంకె. ఇ అనగా 19 మిల్లీమీటర్ల మర పొడవు; ఇచ్చట హెచ్ అని యున్నచో 12.7 మిల్లీమీటర్లు. ఎస్ అనగా నడుమ రాగి కలిగిన సామాన్యపు రకము. చివరి 11 అనగా సందు 1.1 మిల్లీమీటరు. ఇంత సమాచారము ప్లగ్గు మీదనే యుండగా, రంగు పెట్టెను చూచి కొనుటెందుకు?

5. మేము చేసిన తప్పు

2014వ సంవత్సరము వేసవిలో జరిగిన సంగతి. మా పరిధిలోని ఒక సంఘమునకు నాలుగు సిలిండర్ల పాత పెట్రోలు పికప్పు బండి యుండెను. సభ్యుల టమాటాలను మదనపల్లె మార్కెట్టుకు చేర్చుట దాని పని. మార్చి నెలలో డ్రైవరు మావద్దకు వచ్చి, “అయ్యా, వారమున కొకసారి ప్లగ్గులు మసిబారుచున్నవి, తుడిచి తుడిచి విసిగితిని” అని చెప్పెను. మేము ప్లగ్గులను చూచితిమి. పొడి మసి దట్టముగా పట్టియుండెను. చల్లని ప్లగ్గు మసి పట్టునన్న పాఠము మాకు తెలియును. కావున, “ఇంతకంటె వేడి ప్లగ్గు వేయుము, ఒక మెట్టు చాలదు, రెండు మెట్లు వేడిది తెమ్ము” అంటిమి. బండి మూత తెఱచి వేఱొకటియు చూడలేదు.

మఱుసటి వారమునుండి మసి మాయమయ్యెను. డ్రైవరు సంతోషించెను, మేమును సంతోషించితిమి. సంఘపు సమావేశములో ఆ మాట గొప్పగా చెప్పుకొంటిమి కూడ.

ఏప్రిలు నెలాఖరున బండిని సర్వీసుకు ఇచ్చిరి. మెకానిక్కు గాలి వడపోతను విప్పి చూడగా, అది ఎఱ్ఱమట్టి దుమ్ముతో మూసుకొనిపోయి యుండెను. కార్బురేటరు చోకు తీగ పట్టుకొని, పలక పూర్తిగా తెఱచుకొనక సగములో నిలిచియుండెను. మసికి అసలు కారణములు ఇవియే. గాలి తక్కువై, పెట్రోలు ఎక్కువై, అది సరిగా కాలక మసియైనది. మెకానిక్కు వడపోతను మార్చి, చోకును సరిచేసెను. అతడు చేసినది సరియైన పనియే. కాని ప్లగ్గులను తిరిగి పాత అంకెకు మార్చవలెనని ఎవరికిని తోచలేదు. మేము వేడి ప్లగ్గులు వేయించిన సంగతి అతనికి ఎవరును చెప్పలేదు. ఏ పుస్తకములోను వ్రాయలేదు.

అంతవరకు ఎక్కువ పెట్రోలు లోపలి మంటను చల్లార్చుచుండెను. వేడి ప్లగ్గు ఆ మసిని కాల్చుచుండెను. ఒక తప్పు మఱియొక తప్పును కప్పుచుండెను. మొదటి తప్పు దిద్దబడగానే రెండవది ఒంటరిగా మిగిలెను. మే నెల రెండవ వారమున, నిండు బరువుతో, మిట్టమధ్యాహ్నమున బండి కనుమ నెక్కుచుండగా యంత్రము టకటక కొట్టుకొనసాగెను. డ్రైవరు కనుమ పైవరకు పోయి ఆపుదమనుకొనెను. పైకి చేరకమునుపే మూడవ సిలిండరు పిస్టనుకు రంధ్రము పడెను. నలుబది పెట్టెల టమాటాలు ఆ యెండలో సాయంకాలమువరకు నిలిచిపోయెను. వేఱొక బండి వచ్చి చేర్చునప్పటికి పాట ముగిసెను. మిగిలిన పండ్లను మఱునాడు దొరకిన ధరకు అమ్మిరి. వానిలో ఇరువది యెనిమిది పెట్టెలు ఒక్క రైతువే. ఆ కోతతో ఎరువుల బాకీ తీర్తునని అతడు సంఘమునకు మాట ఇచ్చియుండెను.

తరువాతి సమావేశములో, డ్రైవరుది తప్పని కొందఱును, మెకానిక్కుది తప్పని కొందఱును వాదించిరి. మేము లేచి, ఆ ప్లగ్గులను వేయుమన్నది మేమేయని చెప్పి, ఆ మాటను తీర్మానముల పుస్తకములో వ్రాయించితిమి. మరమ్మతు ఖర్చు సంఘనిధినుండి పోయెను. ఆ రైతు బాకీ గడువును పొడిగించిరి. అతడు మమ్ము నిందింపలేదు. “మసి ఎక్కడిదని మొదట అడుగవలసినది గదా, సార్” అని మాత్రమే అనెను. ఈ వ్యాసమునకు మూలము ఆ మాటయే.

6. ప్లగ్గు ముఖమును చదువుట

ప్లగ్గును మార్చుటకు మునుపు, తీసిన ప్లగ్గులను సిలిండర్ల వరుసలో ఒక పలక మీద పేర్చి పగటి వెలుతురులో చూడవలెను. వాని ముఖములు యంత్రము లోపలి సంగతిని చెప్పును.

లేత గోధుమ వర్ణముగాని, బూడిద కలసిన గోధుమ వర్ణముగాని యున్నచో యంత్రమును, ప్లగ్గును రెండును క్షేమము. మొన అరిగియున్నచో అదే రకము క్రొత్తవి వేయుడు.

పొడి నల్ల మసి యున్నచో పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. వడపోత, చోకు, కార్బురేటరు చూడుడు. రవ్వ బలహీనమైనను, బండి ఎల్లప్పుడు కొద్ది దూరములే తిరిగి పూర్తిగా కాగకున్నను మసి పట్టును. ఇవన్నియు సరిగా నున్న తరువాతనే ప్లగ్గు చల్లనిదేమోయని తలంపవలెను.

తడి నలుపు, జిడ్డు ఉన్నచో యంత్రపు నూనె పైకి వచ్చుచున్నది. పిస్టను రింగులో, వాల్వు గైడులో అరిగినవి. ఏ ప్లగ్గు వేసినను ఈ రోగము కుదురదు.

సున్నమువలె తెల్లనై, పింగాణీ మీద బొబ్బలుగాని కరిగిన గుళికలుగాని యున్నచో వేడి ఎక్కువ. మిశ్రమములో పెట్రోలు చాలకపోవుట, రవ్వ వేళకు ముందుగా పుట్టుట, చల్లబఱచు నీరు తగ్గుట, ప్లగ్గు వేడిది కావుట—వీనిలో ఏదో ఒకటి కారణము. అట్టి బండిని బరువుతో కనుమ ఎక్కింపరాదు.

నాలుగింటిలో మూడు ఒకే తీరున నుండి, ఒకటి మాత్రము వేఱుగా నున్నచో దోషము ఆ ఒక్క సిలిండరులోనో, దాని తీగలోనో ఉన్నది. నాలుగును ఒకే తీరున చెడినచో దోషము అన్నిటికిని ఉమ్మడియైన చోట, అనగా కార్బురేటరులోనో, గాలి దారిలోనో, రవ్వ వేళలోనో ఉన్నది. ఈ ఒక్క సూత్రము చాల ధనమును మిగుల్చును.

ఇప్పటి పెట్రోలును గూర్చి ఒక మాట. 20 శాతము ఎథనాలు కలిపిన పెట్రోలు మన దేశములో 2023 ఫిబ్రవరినుండి అమ్మకమునకు వచ్చినది. ఎథనాలులో ప్రాణవాయువు కలదు గనుక, తన్ను తాను సరిచూచుకొనలేని పాత కార్బురేటరులో మిశ్రమము కొంత పలుచనగును. పాత బండిలో క్రొత్తగా తెల్లని ప్లగ్గు ముఖము కనబడినచో ఈ సంగతిని మెకానిక్కునకు గుర్తుచేయుడు. పాత రబ్బరు గొట్టములను కూడ తడిమి చూడవలెను.

7. రాగి, ప్లాటినము, ఇరిడియము

నడిమొన లోపల రాగి, పైన నికెలు మిశ్రలోహము ఉన్నవి సామాన్యపు ప్లగ్గులు. వెల తక్కువ; సుమారు 15, 20 వేల కిలోమీటర్లకు మార్చవలెను. ప్లాటినము, ఇరిడియము లోహముల సన్నని మొనగలవి చాల కాలము అరుగవు; అనేక పదుల వేల కిలోమీటర్లు నడచును; రవ్వకు కావలసిన వోల్టులు కూడ కొంత తగ్గును. వెల మాత్రము అనేక రెట్లు.

ఏది కొనవలెను? యంత్రము గట్టిగా నుండి, తయారుచేసినవారు ఇరిడియము చెప్పియున్నచో, అదియే కొనుడు. కాని నూనె త్రాగుచున్న పాత యంత్రమునకు ఇరిడియము వేయుట, చిల్లుపడిన గాదెకు ఇత్తడి తాళము వేయుటవంటిది. నూనె జిడ్డు ఇరిడియమునకు భయపడదు. అదియు రెండు నెలలలో నల్లబడును. అట్టి బండికి సామాన్యపు ప్లగ్గులు వేసి, మిగిలిన సొమ్మును రింగుల మరమ్మతుకు దాచుకొనుట మేలు. బలము పెరుగునని, మైలేజి పెరుగునని చెప్పు మాటలను నమ్మి వెలగలవి కొనరాదు. చెడిన ప్లగ్గు మార్చినచో పోయిన బలము తిరిగి వచ్చును. ఉన్నదానికంటె ఎక్కువ రాదు.

8. సందు

మొనల నడుమ సందు తక్కువైనచో రవ్వ చిన్నదై మిశ్రమము సరిగా అంటుకొనదు. ఎక్కువైనచో రవ్వ దుముకలేక, బరువెక్కినప్పుడు బండి దగ్గును. పాత పాయింట్ల బండ్లకు 0.6 మొదలు 0.8 మిల్లీమీటరు వరకు ఉండును. పాత జీపు యంత్రమునకు అంగుళములో వెయ్యింట 30 వంతులు, అనగా సుమారు 0.76 మిల్లీమీటరు. ఎలక్ట్రానిక్ రవ్వ పద్ధతిగల బండ్లలో పెక్కింటికి 0.8 మొదలు 1.1 వరకు ఉండును. మీ బండికి చెప్పిన కొలత పుస్తకములో చూడుడు. గ్యాసునకు మార్చిన బండిలో రవ్వకు ఎక్కువ వోల్టులు కావలయును గనుక, సందు కొంత తగ్గింపుమని అమర్చినవారు చెప్పుదురు; వారు చెప్పిన కొలతనే యుంచవలెను.

పెట్టెలో వచ్చిన ప్లగ్గుకు సందు సరిగా నుండునని నమ్మరాదు. తీగ గేజితో కొలువవలెను. సవరించునప్పుడు ప్రక్కమొనను మాత్రమే మెల్లగా వంచవలెను. నడిమొన మీద ఏ పనిముట్టును ఆనింపరాదు, పింగాణీ పగులును. ఇరిడియము మొన జొన్నగింజ మొలకవలె సన్ననిది. దాని జోలికి పోరాదు. ఉప్పుకాగితముతో రుద్దుట మనవారికి అలవాటు. అత్యవసరమున సంతనుండి ఇల్లు చేరుటకు పనికివచ్చును గాని, గరుకు రేణువులు పింగాణీ సందులో చిక్కుకొనును గనుక దానిని పద్ధతిగా చేసికొనరాదు.

9. తీయుట, బిగించుట

యంత్రము చల్లారినగాని ప్లగ్గు విప్పరాదు. అల్యూమినియము హెడ్డు వేడిమీద మెత్తబడి మరలు చీలును. విప్పుటకు మునుపు ప్లగ్గు చుట్టునున్న దుమ్మును గాలితో ఊదివేయవలెను; లేనిచో ఆ ఇసుక సిలిండరులో పడును. తీగలకు 1, 2, 3, 4 అని చీటీలు కట్టి, ఒక్కొక్కదానినే విప్పి బిగించినచో వరుస తప్పదు. తీగను పట్టి లాగరాదు. తొడుగును పట్టి లాగవలెను.

క్రొత్త ప్లగ్గును మొదట చేతి వ్రేళ్ళతోనే తిప్పవలెను. ఒక రబ్బరు గొట్టపు ముక్కను దాని తలకు తొడిగి తిప్పుట మంచి ఉపాయము. మర పెడగా పడినచో గొట్టము జారిపోవునే గాని మర చెడదు. చేతితో ఆగినంతవరకు తిప్పిన పిమ్మట, వాషరుగల 14 మిల్లీమీటర్ల క్రొత్త ప్లగ్గును పానాతో అరచుట్టు మొదలు మూడింట రెండు చుట్ల వరకు బిగింపవలెను. ఒకసారి వాడి తిరిగి వేయుచున్నదైనచో పండ్రెండవ వంతు చుట్టు చాలును. ఏటవాలు అంచుగలదానికి పదునారవ వంతు చుట్టే. బలమును కొలుచు పానా యున్నచో, అల్యూమినియము హెడ్డులో 14 మిల్లీమీటర్ల వాషరు ప్లగ్గుకు 2.5 మొదలు 3 కిలోగ్రాము-మీటర్లు. “ఇంకొక పట్టు” పట్టువాడే మరను చెఱుపువాడు. వదులుగా నున్నను చెరుపే. వేడి హెడ్డులోనికి పోక ప్లగ్గు కాగును. మరలకు గ్రీజు పూయనక్కఱలేదు. పూసినచో పానా జారుడై బిగువు మితిమీరును.

10. నకిలీ ప్లగ్గులు

పేరుపొందిన ప్లగ్గులకు నకిలీలు బజారులో కలవు. అక్షరములు మసకగా నున్నను, చెరపగా చెరగుచున్నను, ప్రక్కమొన నడిమొనకు సూటిగా లేకున్నను, మరలు గరుకుగా నున్నను, వాషరు సులభముగా జారి ఊడివచ్చుచున్నను సంశయింపవలెను. వెల మిక్కిలి తక్కువైనచో మఱింత సంశయింపవలెను. రసీదు లేనిదే కొనరాదు. సంఘములు నాలుగైదు కలిసి, ఒకే రకము బండ్లకు కావలసినవానిని కంపెనీ అధీకృత విక్రేతవద్ద ఒక్కమారు కొనినచో, నకిలీ భయమును తగ్గును, వెలయు కలిసివచ్చును. సహకారము విత్తనములకే గాని ప్లగ్గులకు వర్తింపదని ఎవరు చెప్పిరి?

మందు చల్లు పెట్రోలు పిచికారి యంత్రము గల సోదరులకును ఈ పాఠము చాలవరకు వర్తించును. రెండు ఘాతముల యంత్రములో నూనె పెట్రోలుతోనే కలిసి మండును గనుక జిడ్డు త్వరగా పట్టును. నూనె పాళ్ళు సరిగా కలుపుట, గాలి వడపోతను ప్రతి దినము దులుపుట మొదటి మందు. ప్లగ్గు మార్చుట రెండవది.

11. సంఘములు చేయవలసినది

ప్రతి సంఘపు బండిలోను ఒక చిన్న పుస్తకము ఉంచవలెను. అందులో మొదటి పుటలో బండికి తగిన ప్లగ్గు పూర్తి సంకేతమును, సందు కొలతను వ్రాయవలెను. ప్లగ్గులు మార్చిన ప్రతిసారియు తేదీ, కిలోమీటర్లు, తీసిన ప్లగ్గుల ముఖవర్ణము, వేసినవాని సంకేతము, మార్చుటకు గల కారణము వ్రాయవలెను. సర్వీసుకు పంపునప్పుడు ఆ పుస్తకమును మెకానిక్కు చేతికి ఇయ్యవలెను. 2014లో అట్టి పుస్తక మున్నచో ఆ నలుబది పెట్టెలును వేళకు మార్కెట్టు చేరియుండును.

సభ్యులు వచ్చు సమావేశములో ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పుకొందురుగాక:

(1) మన సంఘపు బండి ప్లగ్గు మర పొడవెంత? సందెంత?

(2) మన బండికి ఎన్.జి.కె. వారి 6 అంకె తగినదైనచో, బాష్ వారిది ఏ అంకె అడుగవలెను? అంకె పెంచినచో ఏ కంపెనీది చల్లబడును, ఏ కంపెనీది వేడియగును?

(3) నాలుగు ప్లగ్గులును పొడి మసి పట్టియున్నవి. క్రొత్తవి కొనుటకు మునుపు చూడవలసిన మూడు చోట్లు ఏవి?

(4) మూడు ప్లగ్గులు గోధుమ వర్ణముగను, ఒకటి జిడ్డుగను ఉన్నవి. దోషమెక్కడ?

మూడవ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవానికి బండి తాళము అప్పగింపవచ్చును. మేము మా ఉద్యోగకాలమున ఆ ప్రశ్నను ఒక వేసవి ఆలస్యముగా నేర్చుకొంటిమి.